ఊరుకోని కండరం

అతను మొదటిసారి కన్ను కొట్టినప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. గోడ మీద కండరాల పటం ఒకటుంది గాని, ఒంటి మీద తోలైనా లేని ఆ బొమ్మ మనిషికి కన్ను కొట్టేంత తీరిక ఎవరికుంటుంది?

పొరపాటు పడ్డానేమోలే అనుకుంది. అతని కుడి అరచేతి అంచున చిన్న రేకు అంటించి, దాని తీగను మిషనుకు తగిలించింది.

"నొప్పి పెద్దగా ఉండదండీ. చిన్న కరెంటు దెబ్బ, అంతే. భయపడకండి."

"మీరుండగా భయమెందుకండీ," అన్నాడతను. అని, మళ్లీ కన్ను కొట్టాడు. కుడి కన్ను. తాపీగా, నిండుగా.

ఆమెకు చెవులు వేడెక్కాయి. మనుషుల చేతులకూ కాళ్లకూ కరెంటు పెట్టి, నరం తెచ్చే కబురు కండరానికి ఎంత వేగంగా చేరుతోందో చూడటం ఆ ఆస్పత్రిలో ఆమె ఉద్యోగం. వచ్చేవాళ్లంతా ఆమెకు 'షాకమ్మ' అని పేరు పెట్టేశారు. గొణిగినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, ఒక పెద్దాయనైతే కరవబోయాడు. కన్ను కొట్టినవాడు మాత్రం ఇతనొక్కడే.

ఎప్పుడూ మీట నొక్కే ముందు "ఇస్తున్నానండీ" అని చెప్పడం ఆమెకు అలవాటు. ఆ పూట ఆ మర్యాద కాస్త పక్కన పెట్టి మీట నొక్కింది.

అతని చిటికెన వేలు చటుక్కున వంగింది. మనిషి కుర్చీలో ఎగిరిపడ్డాడు. మోచెయ్యి తగిలి బల్ల మీదున్న జెల్ ట్యూబు వెళ్లి ఆమె ఒళ్లో పడింది.

"నేను కదపలేదండీ," అన్నాడు, ఆ వేలు ఎవరో పరాయివాళ్లదైనట్టు బిత్తరపోయి చూస్తూ.

"తెలుసు. కదిపింది నేను. రోజూ మీ మెదడు పంపే కబురే ఇవాళ నేను పంపాను. ఎవరు పంపారన్నది కండరానికి పట్టదు. కబురొస్తే బిగుసుకుంటుంది."

"చెప్పి పంపొచ్చు కదండీ."

"మీరు చెప్పి కన్ను కొట్టారా?"

అతని మొహంలో రక్తం లేకుండా పోయింది. ఎడమ చేత్తో కుడి కన్ను గట్టిగా మూసుకున్నాడు. "మీకు కూడానా," అని గొణిగాడు. పరీక్ష అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు. ఒంటికన్నుతోనే లేచి, ఒంటికన్నుతోనే తలుపుకు గుద్దుకుని వెళ్లిపోయాడు.

"తిక్క కుదిరింది," అనుకుంది షాకమ్మ, ఒళ్లో పడిన జెల్ తుడుచుకుంటూ.

ఆ వారంలోనే ఆమె నాన్న చేతి గడియారం ఆగిపోయింది. "వీధి మలుపులో ఒక కుర్రాడున్నాడు. చేతిలో మంచి పనుంది. వాడికిచ్చిరా," అన్నాడాయన.

అద్దాల తలుపు తియ్యబోతూ ఆమె అలాగే ఆగిపోయింది. లోపల బల్ల ముందు కూర్చున్నది అతనే. బల్ల అంచు మీద మోచెయ్యి ఆనించి, కుడి కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, ఏదో గడియారం కడుపులోకి చూస్తున్నాడు. ఆ భూతద్దానికి తాడు లేదు, పట్టీ లేదు. కనుబొమ్మ దించి, చెంప పైకెత్తి, ఒక్క కంటి కండతోనే దాన్ని పట్టి ఉంచాడు.

కంటి చుట్టూ గుండ్రంగా తిరిగే ఆ కండరాన్ని ఆమె పటంలో రోజూ చూస్తూనే ఉంటుంది. పొద్దస్తమానం అలా బిగబట్టే కండరం భూతద్దం లేనప్పుడు కూడా అలవాటు మీద బిగుసుకోదూ? అది తెలియనిదేం కాదు తనకు. తెలిసీ ఒక అమాయకుడికి చెప్పకుండా కరెంటు పెట్టింది.

అతను తలెత్తాడు. భూతద్దం జారి అరచేతిలో పడింది.

"మీరా? కరెంటు ఇక్కడిక్కూడా తెచ్చారా అండీ?"

"లేదు. గడియారం తెచ్చాను. ఆ రోజు నేను…" ఆమె గడియారం బల్ల మీద పెట్టింది. "ఆ కన్ను మీరు కొట్టింది కాదు."

"హమ్మయ్య. మా అమ్మ తర్వాత నమ్మింది మీరేనండీ. బస్సులో ఒకావిడ చెంప పగలగొట్టింది. కుడి కన్నొక్కటే ఇలా పరువు తీస్తుంది. ఎడమది బుద్ధిమంతురాలు. కొట్టమన్నా కొట్టదు."

"కొట్టమని చూశారా ఏమిటి?"

"అద్దం ముందు చూశానండీ. రెండూ కలిసి మూసుకుంటాయి. ఎదురుగా ఎవరున్నారో కూడా కనపడదు."

ఆమె నవ్వింది. అతను గడియారం వెనక మూత తీశాడు.

"దీంట్లో స్ప్రింగుంది. విప్పుకుంటూ చక్రాన్ని తిప్పుతుంది. మన చేతిలో కూడా స్ప్రింగులేనా?"

"కాదు. సన్నటి పోగులు. ఒక వరస పోగులు ఇంకో వరస మధ్యలోకి జారతాయి. అలా జారితే కండ పొట్టిదై ఎముకను లాగుతుంది. లాగడమొక్కటే దానికొచ్చు, నెట్టడం రాదు."

"మరి ముడిచిన చెయ్యి చాపాలంటే?"

"వెనకవైపు ఇంకో కండరముంటుంది. అది లాగాలి. అది లాగేటప్పుడు ఇది ఊరుకోవాలి. ఇది లాగేటప్పుడు అది ఊరుకోవాలి."

"బుద్ధిగల సంసారం."

"ఊరుకోవడం తేలికనుకోకండి. పట్టడానికి ఎలా శక్తి కావాలో వదలడానికీ అలాగే కావాలి. శక్తి అయిపోయిన కండరానికి పట్టింది వదలడం చేతకాదు."

"వదలడానికి కూడానా?" అంటూ అతను చిన్న స్క్రూను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎత్తబోయాడు. అది జారింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ జారింది. ఆమె చూస్తోందని అతనికి తెలిసింది. ఇద్దరి నవ్వులూ ఆగిపోయాయి.

అతను కుడి చెయ్యి బల్ల మీద పరిచాడు. ఆ రెండు వేళ్ల మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది.

"అమ్మకి తెలీదండీ. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టమంటే గారాలు పోతున్నాననుకుంటోంది." గొంతు తగ్గించాడు. "ఈ చెయ్యి పోతే నాకింకే పనీ రాదు."

పరీక్ష ఫలితం చెప్పాల్సింది ఆస్పత్రిలో డాక్టరమ్మ గాని తను కాదు. కాని ఆ గుంట ఇంటికి వచ్చేదాకా ఆమె కళ్లముందే ఉంది.

గడియారం బాగైంది. అయినా ఆమె ఆ కొట్టుకు వెళ్తూనే ఉంది. ఒకసారి పట్టీ వదులైందని, ఇంకోసారి బిగుసుకుందని. "ఆ గడియారం నాదా, నీదా?" అని అడిగాడు నాన్న. ఆమె వినపడనట్టు గిన్నెలు గట్టిగా కడిగింది.

డాక్టరమ్మ రాసిన సూది పరీక్ష రోజు అతను తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. ఎవరైనా తోడు రావాలని డాక్టరమ్మ అనడంతో ఇంట్లో చెప్పక తప్పలేదు. తల్లి సన్నగా, నిటారుగా ఉంది. కొడుకు చొక్కా గుండీల వంకే చూస్తోంది.

"చూడండమ్మా," అంది డాక్టరమ్మ, "మోచేతి దగ్గర నరం నలిగినట్టుంది. అంతే అయితే దిగుల్లేదు. కాని కండ ఇంతలా కరిగింది కాబట్టి భుజం కూడా చూడాలి. ఆ నరానికీ భుజానికీ సంబంధం లేదు. కండలోకి సన్నటి సూది పెడతాను. కండ బిగిస్తే ఈ స్పీకర్లో చప్పుడొస్తుంది. వదిలేస్తే ఏమీ వినపడకూడదు. వదిలేసిన భుజం కూడా చప్పుడు చేస్తుంటే, జబ్బు పాకుతున్నట్టు."

తల్లి తలూపింది. అర్థమైనట్టే ఊపింది.

షాకమ్మకు మాత్రం మరీ ఎక్కువ అర్థమైంది. క్రితం ఏడాది ఒక బడి మాస్టారి భుజం ఈ గదిలోనే, ఎవరూ కదపకుండానే, రేకుల కప్పు మీద చినుకుల్లా సద్దు చేసింది. ఆయన తర్వాత వచ్చినప్పుడు చక్రాల కుర్చీలో వచ్చారు.

ఆమె అతని మణికట్టు కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. అది రోజూ చేసే పనే. డాక్టరమ్మ భుజంలో సూది పెట్టింది.

స్పీకరు చిటపటలాడింది.

"వదిలెయ్యి బాబూ."

"వదిలేశానండీ."

చిటపటలు ఆగలేదు. ఇంకా జోరందుకున్నాయి. బిగబట్టిన కండ చేసే చప్పుడు వేరు, జబ్బు చేసిన కండ చేసే చప్పుడు వేరు. నిద్రలో అడిగినా షాకమ్మ ఆ తేడా చెప్పగలదు. ఆ నిమిషంలో మాత్రం ఆ చెవులకు మాస్టారి చినుకులే వినపడ్డాయి. ఆమె అతని మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను ఆమె మొహంలోకి చూశాడు. స్పీకరు హోరెత్తింది.

డాక్టరమ్మ తెర వంక చూసింది, అతని వంక చూసింది, తర్వాత షాకమ్మ వంక చూసింది.

"నువ్వు కాస్త బయటికెళ్లమ్మా."

ఎందుకు పంపేస్తున్నారో ఆమెకు తెలుసు. చెప్పరాని మాట చెప్పేటప్పుడే డాక్టరమ్మ ఇలా మనుషుల్ని తగ్గిస్తుంది. తలుపు వెనక గోడకు ఆనుకుని నిలబడింది. లోపల స్పీకరు టక్కున ఆగిపోయింది. మిషను కట్టేశారన్నమాట. ఇంక చూడటానికేం లేదన్నమాట.

"లోపలికి రా," పిలిచింది డాక్టరమ్మ.

ఆమె తలుపు తీసింది. చిటపట.

మిషను వెలుగుతూనే ఉంది. సూది భుజంలోనే ఉంది.

"మళ్లీ వెళ్లు."

వెళ్లింది. నిశ్శబ్దం.

"రా."

చిటపట, చిటపట.

షాకమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. తనకు తెలిసిన శాస్త్రమంతా ఒక్కసారిగా తల్లకిందులై, మళ్లీ నిదానంగా నిలబడింది. అతను కళ్లు రెండూ గట్టిగా మూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

అందరికంటే ముందు తేరుకుంది తల్లి. "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. నోరు దాస్తుంది గాని ఒళ్లు దాచలేదు," అంది. "ఒరే, సంగతి ఇదైతే నాకు చెప్పొచ్చు కదరా. ఇంత పెద్ద మిషను పెట్టి చెప్పించాలా?"

"అమ్మా, ఊరుకో."

"నువ్వు ఊరుకున్నావా?"

డాక్టరమ్మ పెదవులు బిగబట్టి సూది తీసింది. "భుజం నిక్షేపంగా ఉంది. నరం మోచేతి దగ్గరే నలిగింది. రోజంతా బల్ల అంచుకు మోచెయ్యి ఆనించి కూర్చుంటావు కదూ?"

"అవునండీ," అన్నాడతను, కళ్లు తెరవకుండా.

"మోచేతి కింద మెత్త వేసుకో. కొన్నాళ్లు పని తగ్గించు. అప్పటికీ లొంగకపోతే చిన్న ఆపరేషను. చెయ్యి ఎక్కడికీ పోదు."

ఆ మాటకు తల్లి కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి షాకమ్మను ఎగాదిగా చూసింది. "వీడి గుండీలు పెట్టలేక నా ప్రాణం పోతోందమ్మాయ్. ఆ పని ఇంకెవరికైనా అప్పజెప్పాలి."

"గుండీల్లేని చొక్కాలు దొరుకుతాయండీ," అంది షాకమ్మ. గొంతు మాత్రం ఆమె చెప్పినట్టు వినలేదు.

"మాట కూడా కరెంటేనన్నమాట. మంచిది. ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?"

జవాబు వెతుక్కునేలోపే తల్లి లేచి బయటికి నడిచింది. వెనకే అతనూ నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

మూతి ఒక పక్కకు పోయింది. కుడి కనుబొమ్మ నెత్తికెక్కింది. బుగ్గ వణికింది. కుడి కన్ను గుడ్లప్పగించి తెరిచే ఉంది. ఆ మొహంలోని కండరాలన్నీ తలో దిక్కుకు లాగుతుంటే, ఎడమ కన్ను ఒక్కటే, మెల్లగా, కష్టపడి, మూసుకుంది.

అది అలవాటు కన్ను కాదు.

షాకమ్మ చేతిలో ఉన్న జెల్ ట్యూబు బుస్సుమని పొంగి, బల్లంతా చిమ్మింది.

"ఏమిటమ్మా అది?" అంది డాక్టరమ్మ.

ఆమె బిగుసుకుపోయిన తన పిడికిలి వంక, ఎవరో పరాయివాళ్ల చెయ్యిని చూసినట్టు చూసింది.

"నేను కదపలేదండీ," అంది.