బల్లల కింది గొంతు

సాయంత్రం ఐదూ పదికి శివపార్వతి క్యారేజీ మూత తీసి, మిగిలిన పులిహోర కూతురు అనంత నోట్లో పెట్టింది. 1986 నవంబరు. అవతలి ఒడ్డు బళ్లో పరీక్షల డ్యూటీ ముగించుకుని, లాంచీలో కృష్ణ దాటి పెనుమూడి రేవుకు వస్తోంది. మాట్లాడే ఓపిక కూడా లేదు.

ఎదురుబల్ల మీద ఎండుచేపలమ్మే పేరంటాలు నవ్వింది.

"ఈ పిల్లకి చదువెందుకు టీచరమ్మా? నాకిచ్చెయ్. బేరాలకి పనికొస్తది."

"తీసుకుపో. గంటలో నువ్వే తెచ్చిచ్చేస్తావు."

అనంత వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుంది.

రేవులో రేపల్లె బస్సు హారన్ కొట్టింది. సీటు దొరకాలంటే ముందు దిగాలి, కిటికీలోంచి తువ్వాలు వెయ్యాలి. అందరూ లేచి ఒడ్డు వైపుకే జరిగారు. "కూర్చోండయ్యా!" అని లాంచీ నడిపే సరంగు అరుస్తూనే ఉన్నాడు. లాంచీ ఒరిగింది. బోర్లాపడింది.

శివపార్వతి నీళ్లు తాగి, తేలి, ఎలాగో లాంచీ అడుగుబల్లల మీదికి పాకింది. చీకటి పడుతోంది. డీజిలు వాసన. కేకలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. అనంత లేదు.

బల్లల కింద... ఏదో తగిలిన చప్పుడు.

"టీచరమ్మా..." పేరంటాలే. బాగా అలసిన గొంతు. "పిల్ల నా మెడ పట్టుకునుంది. ఇక్కడ కాస్త గాలుంది. పంపిస్తన్నా, అందుకో."

పది అడుగుల అవతల, లాంచీ అంచున, నీళ్లలోంచి రెండు చేతులు లేచాయి. వాటిలో అనంత. దగ్గుతోంది. శివపార్వతి పాకి వెళ్లి లాక్కుంది. చేతులు మునిగాయి. తల మాత్రం పైకి రాలేదు.

గొంతు ఇందాకటి చోటే, బల్లల కిందే.

"ఇంకా ఇద్దరున్నారమ్మా."

"ముందు నువ్వు రా అక్కా!"

"ముందు వాళ్లని పోనీ... నాకు కుదరదులే."

చేతులు లేచాయి. ఒక ముసలాయన. మళ్లీ లేచాయి. కడుపుతో ఉన్న ఒకామె.

"ఇద్దరూ అందారా? హమ్మయ్య... గాలి ఆడట్లేదు. పిల్లకి తల తుడువు, జలుబు చేస్తది."

అంతే. గొంతు ఆగిపోయింది.

చేతులు మళ్లీ లేచాయి. ఖాళీగా. అరచేతులు తెరుచుకుని... చాలాసేపు అలాగే ఉండి... మునిగాయి.

నాలుగో రోజు లాంచీని పైకి లాగారు. వాంగ్మూలం కోసం ఇంటికొచ్చిన హెడ్ కానిస్టేబుల్ చలపతిరావు టీ తాగుతూ చెప్పాడు.

"తిరగబడ్డప్పుడే ఇంజను ఊడి మీద పడిందండి. పేరంటాలు చేతులు రెండూ, భుజాల దాకా, దానికీ లాంచీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాయి. కట్టర్ తెచ్చి ఇనుము కోస్తేగాని బయటికి రాలేదండి."