సన్నబడ్డ వంట మాస్టరు

క్వారీలో ఎర్రగుడ్డతో మనిషి పరిగెత్తాడంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. చేతిలో ఉన్నది అక్కడే పారేసి పరిగెత్తుతారు. వెనకాల తూటాలు పేలతాయని, రాళ్ళు కాకుల్లా ఎగురుతాయని అక్కడ పుట్టిన కుక్కపిల్లకి కూడా తెలుసు.

దావూద్‌కి తెలియదు.

ఎనభై ఆరో సంవత్సరం, చలి అప్పుడే మొదలైన రోజులు. నడికుడి నించి సున్నపురాయి క్వారీ మీదుగా పోయే మట్టిబాటలో అతను మొదటిసారి పరుగు పెట్టిన తెల్లవారుజాము అది. మిరపచేల మీద మంచు మీగడ కట్టి ఉంది. కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియనంత హాయిలో ఉన్నాడు. ఒంటిమీద ఎర్ర బనీను.

"వామ్మో, పేలుస్తున్నారే! పరిగెత్తండే!" అని ఓ ఆడమనిషి కేక పెట్టింది.

తట్టలు దొర్లాయి, సమ్మెటలు ఎగిరాయి. క్వారీ మొత్తం లేచి రోడ్డెక్కింది. అంతమంది పరిగెత్తటం చూసి, ఏదో ఘోరం జరిగిందనుకుని దావూద్ వేగం పెంచాడు. ఎర్ర బనీను దగ్గరికొస్తున్న కొద్దీ వాళ్ళూ వేగం పెంచారు. చివరికి అందరూ కలిసి ఆగి ఉన్న లారీ చాటున కూలబడి, చెవులు మూసుకుని కూర్చున్నారు. దావూద్ కూడా మూసుకున్నాడు.

ఏమీ పేలలేదు.

పక్కనే రాళ్ళ కుప్ప వెనక నించి ఓ అమ్మాయి లేచింది. మోచెయ్యి గీరుకుపోయింది. చేతిలో క్యారేజీ మూత ఊడి జొన్నరొట్టెలు మట్టిపాలయ్యాయి.

"ఏదీ పేలుడు?" అంది దావూద్‌ని చూసి.

"ఏ పేలుడు?"

"మరి నువ్వెందుకు పరిగెత్తావు?"

"నేనా... ఊరికే."

"ఊరికే పరిగెత్తావా! కుక్క తరమకుండా, పోలీసు తరమకుండా, ఊరికే?"

"మీరంతా ఎందుకు పరిగెత్తారు?"

"నువ్వు పరిగెత్తావని!"

అంతలో గోతిలో నించి ఓ పెద్దాయన ఎక్కి వచ్చాడు. పీర్ సాహెబ్. తూటాలకు వత్తి ముట్టించేది ఆయనే. ముప్పై ఏళ్ళ పేలుళ్ళకు చెవులు సగం పోయాయి. అందుకని ఆయన గుసగుస కూడా ఫర్లాంగు దూరం వినపడుతుంది.

"నేను ముట్టించందే నా క్వారీలో పేల్చేది ఎవడ్రా?"

"ఈయనే నాయనా. పేల్చలా. ఊరికే పరిగెత్తాడంట!"

పీర్ సాహెబ్ దావూద్‌ని ఎగాదిగా చూశాడు. "పెళ్ళిళ్ళలో బిర్యానీ వండే దావూద్‌వి కాదూ? వాడు దున్నపోతులా ఉంటాడే!"

"నేనే మామా."

పెద్దాయన కళ్ళలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని, "పద మహమూదా, దూరం జరుగు," అన్నాడు.

దావూద్‌కి ఆ పేరు ఒక్కటే వినపడింది.

*

లోకం తీరే అంత. లావుగా ఉన్నప్పుడు నవ్వుతుంది. సన్నబడితే శవాన్ని చూసినట్టు చూస్తుంది. సరిగ్గా ఉన్న మనిషిని అది ఇంతవరకు చూడలేదు.

దావూద్ ఒకప్పుడు కుర్చీలో కూర్చుంటే కుర్చీ మూలిగేది. అతని తల్లి కూడా అంతే లావు. షుగరు జబ్బుతో పోయింది. "నీదీ అదే దారి నాయనా," అని డాక్టరు అన్నాక అతను నెయ్యి మానేశాడు. వండిన బిర్యానీ ఉప్పు చూసి ఉమ్మేసి, తను రాగిజావ తాగాడు. తెల్లవారకముందే నడిచాడు. ఏడాది తిరిగేసరికి చొక్కాలోపల ఇంకో మనిషికి చోటు మిగిలింది. ఒకరోజు నడుస్తూ ఉండగా కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి. ఆపబుద్ధి కాలేదు.

ఊరు మాత్రం ఓర్చుకోలేకపోయింది. "మాస్టరే ఎండిపోతే ఆయన వండిన కూడు ఎవడు తింటాడు?" అన్నారు పెళ్ళివారు. "క్షయ అయ్యుంటదమ్మా," అంది పక్కింటి వెంకమ్మ జాలిగా. ఆ జాలి దావూద్ కంటే ముందు ఊరంతా పరిగెత్తింది.

ఎర్ర బనీను గొడవ జరిగిన మర్నాడు అతను తెల్ల బనీనుతో క్వారీకి వచ్చాడు. చేతిలో పొట్లం.

"ఏంది మాస్టరూ, ఇవాళ తెల్లజెండా? రాజీకొచ్చావా?" అంది మహమూదా.

"నిన్న మీ రొట్టెలు పాడుచేశా గదా. ఇవి నేను కాల్చినయ్యి."

"పెళ్ళిళ్ళ వంటోడివి, జొన్నరొట్టె ఒత్తటం కూడా వచ్చా?" ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది. "ఉప్పేదీ?"

"ఈమధ్య తగ్గించా."

"నువ్వు తగ్గితే తగ్గు. రొట్టె ఏం పాపం చేసింది?"

ఆ తర్వాత ఆమె క్యారేజీ తెచ్చే వేళా, అతను బాటలో కనిపించే వేళా ఎవరూ అనుకోకుండానే ఒకటయ్యాయి. ఆమె నడుస్తూ ఉండేది. మంచులోంచి అతను వచ్చేవాడు. ముందు అడుగుల చప్పుడు, తర్వాత ఊపిరి, ఆ తర్వాత మనిషి. నాగులేటి మీదనించి వచ్చే గాలి ఆమె ఓణీని అతని వైపే ఎగరేసేది. ఆ గాలికి ఎవరు చెప్పారో మరి.

రేడియోలో వాయుగుండం అని చెప్పిన రోజున ఇద్దరూ వానకు దొరికిపోయారు. క్వారీ రేకుల షెడ్డు కింద చెరో గుంజా పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో నాలుగు గుంజల ఎడం. రేకుల మీద వాన ఎవరో శనగలు గుమ్మరించినట్టు మోగుతోంది. తోడుగా, తట్టలు మోసే ముసలి నాగులమ్మ మూలన కూర్చుని కునుకు తీస్తోంది.

"నిజం చెప్పు మాస్టరూ. ఎందుకు పరిగెత్తుతావు?"

"ఇన్నేళ్ళు నా నెత్తిన ఇంకో మనిషి కూర్చున్నాడు. వాణ్ణి దించా. పరిగెత్తుతుంటే వాడు లేడని తెలుస్తంది. చిన్నప్పుడు కూడా నేనెప్పుడూ పరిగెత్తలా మహమూదా. పిల్లలు ఆడుకుంటుంటే చెప్పులకి కాపలా కూర్చునేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. "కాసేపు మాట్లాడమాకు," అంది.

"ఏం?"

"ఊరుకో."

తల పక్కకి వాల్చి కళ్ళు మూసుకుంది. ఏదో వింటోంది. వాన కాదు.

"బాగుంది," అంది చివరికి.

"ఏంది బాగుంది?"

"నీ ఊపిరి. గరగర లేదు, కూత లేదు. మా షంషాద్ అక్క మొగుడు ఈ రాతి దుమ్ము పీల్చి పీల్చి పోయాడు. రెండేళ్ళు గోడవతల పడుకుని ఆ ఊపిరే విన్నా. అప్పట్నించి ఎవరు పక్కన నిలబడ్డా ముందు అదే వింటా. మొహం తర్వాత."

"మొహం సంగతేంది మరి?"

"వాన తగ్గింది," అని ఆమె పరుగున వెళ్ళిపోయింది. వాన తగ్గలేదు.

*

దావూద్ పిన్నమ్మ కరీమున్నీసా సంబంధం మాట్లాడటానికి వెళ్ళింది. వెళ్ళినంతసేపు పట్టలేదు తిరిగి రావటానికి.

"ఇవ్వనన్నాడ్రా. మనిషి కరిగిపోతన్నాడు, ఒక పిల్ల బతుకు అట్టా పోగొట్టుకుంది చాలన్నాడు. ఇంట్లో ఆ షంషాద్ తెల్లచీరతో కూర్చుని ఉంటే నాకు నోరెట్టా వస్తది?"

"గుంటూరెళ్ళి ఎక్స్‌రే తీయించుకొస్తా పిన్నమ్మా."

"అదీ అన్నా. పెద్దల్లుడికీ తీయించారంట. ఏమీ లేదన్నారంట. ఆర్నెల్లకి మట్టిలో పెట్టారు. ఆయన ఫోటోల్ని నమ్మడు." ఆమె ముక్కు చీదింది. "ఒక మాటన్నాడు. మళ్ళీ మునుపటి మనిషై, కండపట్టి వస్తే అప్పుడు చూద్దామన్నాడు."

దావూద్ ఆ రాత్రి కంచం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఎదురుగా నెయ్యి గిన్నె. ఒకపక్క ఆమె, ఒకపక్క తెల్లవారుజాము మంచు. రెండూ ఒకే బాటలో దొరికినవే. ఇప్పుడు ఒకటి కావాలంటే రెండోది వదలాలి.

"వడ్డించు పిన్నమ్మా," అన్నాడు.

కరీమున్నీసాకి పండగొచ్చినట్టయింది. మాంసం, డబుల్ కా మీఠా, రాత్రి మీగడ. దావూద్ పరుగు మానేశాడు, బాట మొహం చూడలేదు. మొక్కుబడిలా తిన్నాడు. ఊరు సంతోషించింది. "మాస్టరు తేరుకున్నాడు," అన్నారు. తిని చచ్చేవాణ్ణి చూస్తే ఊరికి ఎంత ధైర్యమో!

మాఘమాసం దాటాక, బిగుతైన చొక్కా తొడుక్కుని క్వారీ ఎక్కాడు. ఆ చిన్న మెరకకే గుండె గొంతులోకి వచ్చింది. పైన మహమూదా ఎదురైంది. అతన్ని చూడగానే మొహం అటు తిప్పుకుంది.

"దారి తప్పావా మాస్టరూ? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"మహమూదా... కాస్త... ఆగు..."

అతను వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ఛాతీలో కూత లేచింది. ఆమె గిరుక్కున తిరిగింది. కోపం ఎక్కడిదక్కడ రాలిపోయింది.

"ఏందది? ఏంది ఆ చప్పుడు?"

"మీ నాయన కండ పట్టి రమ్మన్నాడు గదా. నీ కోసమే తింటన్నా."

"నా కోసమా!" ఆమె కళ్ళు నిండాయి. "ఎవరడిగారు నిన్ను? మొహం కూడా చూడకుండా నేను కట్టుకోదలుచుకున్నది మంచులో వచ్చే ఆ ఊపిరిని. దాన్ని నెయ్యిలో ముంచి చంపుకొచ్చి నా కోసం అంటావేంది!"

"ఏమన్నావు? కట్టుకోదలుచుకున్నావా?"

"అదొక్కటే వినపడిందా నీకు!"

అతని చొక్కా చేతి కొస పట్టుకుని, పదిమందీ చూస్తున్నా లెక్కచెయ్యకుండా, తండ్రి దగ్గరికి లాక్కుపోయింది.

పీర్ సాహెబ్ మొహం విప్పారింది. "ఒళ్ళు చేశాడే! బాగున్నాడే!"

"నాయనా!" ఆమె ఆయన చెవి దగ్గర అరిచింది. "బావ పోయింది కండ లేకనా? పెళ్ళినాడు పహిల్వాన్‌లా ఉన్నాడు. కండ చూసే గదా అక్కనిచ్చావు!"

సమ్మెటల చప్పుడు ఆగిపోయింది. ఆ మాట పెద్దాయన ప్రతిరాత్రీ తనకు తాను చెప్పుకునేదే. ఇంకొకరి నోట వినటం అదే మొదలు.

"మరి ఏం చూడమంటావే?" అన్నాడు. అదొక్కటే ఆయన నెమ్మదిగా అన్న మాట.

"పరిగెత్తించి చూడు."

*

దావూద్ మళ్ళీ బాటనపడ్డాడు. ఈసారి కష్టమైంది. మొదట నడిచాడు. కూత పోయేదాకా నడిచాడు. మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా ఎండే రోజులకు అడుగులు మళ్ళీ తేలికపడ్డాయి.

ఒక ఉదయం పీర్ సాహెబ్ అతన్ని గోతిలోకి దింపాడు. పనివాళ్ళంతా పైన రాతిగోడ చాటుకి వెళ్ళిపోయారు. మహమూదా కూడా అక్కడే.

"ముట్టించి పరిగెత్తటం నా పని. ఎవడి గుండె ఎట్టాంటిదో నాకు ఇక్కడే తెలుస్తది. నాతో పరిగెత్తు. వెనక్కి చూడమాకు."

వత్తి సరసరా అంటుకుంది. ఇద్దరూ లేచారు. దావూద్ నాలుగంగల్లో ముందుకు వెళ్ళిపోయాడు. బండల మధ్య బాట, పైన నీలాకాశం, ఒళ్ళు దూదిలా ఉంది. అంతలో వెనక దగ్గు వినపడింది. పొడి దగ్గు, తెరలుతెరలుగా. ముప్పై ఏళ్ళ దుమ్ము ముసలాయన ఛాతీలోనూ చేరింది. ఆయన ఎవరికీ చెప్పలేదు.

దావూద్ ఆగాడు.

"పోరా! ముందు పో!"

"పోను మామా."

ఆయన చంక కింద చెయ్యి వేసి, తన పరుగును ఆయన పరుగుకు కుదించుకుని, మెరక ఎక్కించాడు. ఇద్దరూ రాతిగోడ చాటున పడ్డారో లేదో నేల అదిరింది. రాళ్ళు కురిశాయి. ఆ తర్వాత తెల్లటి సున్నపు దుమ్ము, మబ్బు దిగినట్టు, మెల్లగా అందరి మీదా వాలింది.

పీర్ సాహెబ్ దగ్గు ఆపుకుని, దావూద్ వీపు మీద అరచెయ్యి ఆనించాడు. చెవులు చెప్పలేనిది ఆ చెయ్యి విన్నది. లోపల ఊపిరి తొణక్కుండా, తొట్టిలో నీళ్ళలా నిండుతూ తగ్గుతూ ఉంది. చెయ్యి తియ్యాలనిపించలేదు ఆయనకి.

"పిచ్చోడా, నన్నొదిలి పోతే నెగ్గేవాడివి గదరా," అని, అతని చెవిలో రహస్యం చెబుతున్నాననుకుని మరో మాటన్నాడు. "నిఖా ఎప్పుడు పెట్టుకుందాం?"

ఆ రహస్యం క్వారీ అంతా ప్రతిధ్వనించింది. నాగులమ్మ ఈల వేసింది. ఎవరో తట్ట మీద దరువేశారు. అవతలి గోతిలోవాళ్ళు కూడా, "రంజాన్ కాగానే పెట్టు సాహెబూ!" అని కేకేశారు.

మహమూదా సిగ్గుతో ఓణీలో మొహం దాచుకుంది. కాసేపటికి కొంగు కాస్త దించి చూసింది. దావూద్ దుమ్ములోంచి నడిచి వస్తున్నాడు. జుట్టు తెల్లగా, కనుబొమలు తెల్లగా, మీసం తెల్లగా. డెబ్భై ఏళ్ళ మనిషిలా ఉన్నాడు. అంత నెమ్మదిగానూ నవ్వుతున్నాడు.

ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. అక్క తన మొగుడిలో చూడలేకపోయిన ముసలి మొహం అది.

"ఏంది అట్టా చూస్తన్నావు?" అన్నాడు జుట్టు దులుపుకోబోతూ.

"ఉండనీ, దులపమాకు," అంది మహమూదా. "ముసలాడివైనా బాగానే ఉంటావు."