డాక్టరమ్మ ఎట్ల మాట్లాడాలె?

"రిషితా, రెడీగా ఉండు. అఖిల్ తర్వాత నువ్వే," అని చెప్పి మమత టీచర్ స్టేజి మీదికి వెళ్లిపోయారు.

మైకులో అఖిల్ తన కథ చదువుతున్నాడు. రిషిత వరండాలో నానమ్మ పెంటమ్మకు తన కథ గబగబా చదివి వినిపించింది. బస్సులో ఒక అవ్వ ఫోన్ పోతుంది. తెలివైన డాక్టరమ్మ దొంగను పట్టుకుంటుంది. అదీ కథ.

"దయచేసి బస్సు ఆపండి! ఎవరూ దిగకండి!" అంది డాక్టరమ్మలా.

"నాకేం ఎర్క? నేను తియ్యలే!" అంది దొంగలా. క్లాసులో ఈ మాటకే అందరూ పడీపడీ నవ్వారు.

నానమ్మ నవ్వలేదు.

"డాక్టరమ్మది ఏ ఊరు బిడ్డా?"

"మెదకే, నానమ్మా."

"మరి దొంగది?"

"వాంది గూడ మెదకే."

"ఇద్దరిది ఒక్కటే ఊరాయె. మరి దొంగ ఒక్కడే మన లెక్క ఎందుకు మాట్లాడుతుండు?"

రిషిత చేతిలోని కాగితం వైపు చూసుకుంది. కథల్లో మంచివాళ్లు అలా మాట్లాడకూడదని తనకు ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది. నానమ్మ మాటను, అమ్మ మాటను, ఇంట్లో తన మాటను తీసుకెళ్లి దొంగకు ఇచ్చేసింది! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పో బిడ్డా, మంచిగ చదువు," అంది నానమ్మ. ఆ గొంతులో ఎప్పటి హుషారు లేదు. మెల్లగా కుర్చీల వైపు నడిచింది.

చప్పట్లు మోగాయి. "ఇప్పుడు రిషిత!"

కొట్టేసి మళ్లీ రాసే టైం లేదు. పోనీ, నోటితోనే మార్చి చెబితే? డాక్టరమ్మను చూసి కూడా అందరూ నవ్వితే? అనుకుంటూనే మెట్లెక్కింది.

చదవడం మొదలుపెట్టింది. బస్సు కదిలింది. ఫోన్ పోయింది. డాక్టరమ్మ లేచింది. కాగితం మీద 'దయచేసి' అని ఉంది. రిషిత కాగితం కిందికి దించింది.

"డ్రైవరన్నా, బస్సు ఆపు! ఎవ్వలు దిగకుండ్రి!"

వెనక వరుసలో ఇద్దరు కిసుక్కుమన్నారు. అయినా రిషిత ఆగలేదు. తనకు జ్వరం వస్తే నానమ్మ ఎలా అంటుందో, అచ్చం అలాగే అంది.

"పరేషాన్ గాకు అవ్వా. నేనున్న గద."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ ముందుకు వంగి వింటున్నారు.

ముందు వరుసలో నానమ్మ పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గా డాక్టరమ్మ మా ఇంటి పిల్లే," అంది పైకే.