మూడో సెల్

ఆమె మా బ్యాటరీ షాపుకి వచ్చిన రోజు వాన పడుతోంది. గొడుగు మడవకుండానే లోపలికి వచ్చింది. నీళ్ళన్నీ నా చార్జింగ్ బల్ల మీద కారాయి. గొడుగు బయట పెట్టమన్నాను. ముందు మా బండి స్టార్టయ్యేలా చెయ్యండి, గొడుగు సంగతి తర్వాత చూద్దాం అంది.

మా పరిచయం అలా మొదలైంది.

వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల. ఇంటి పక్కన రేకుల షెడ్డు, దాని కింద పాత తెల్లకారు. బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. తాళం తిప్పితే ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది.

ఆమె వరసపెట్టి ప్రశ్నలు వేసింది. ఎందుకు దిగిపోయింది, ఎక్కడికి తీసుకెళ్తారు, ఎంతసేపు పెడతారు, మళ్ళీ దిగిపోతుందా, కొత్తది కొనాలా, ఎప్పుడిస్తారు. చివరి ప్రశ్నకి ఒక్కదానికే జవాబిచ్చాను. రేపు అన్నాను.

"నాన్నా, ఈయన మాటలకి కూడా చార్జింగ్ పెట్టాలి," అంది ఆమె లోపలికి చూసి.

వాళ్ళ నాన్న వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె తల్లి పోయి చాలా కాలమైంది, ఇంట్లో ఇద్దరే. కంగారు లేదు బాబాయ్, చూసి చెప్తాను అన్నాను ఆయనతో. పెద్దవాళ్ళు ఎవరు కనబడినా బాబాయ్ అనడం నాకు అలవాటు.

బ్యాటరీ ఎత్తుకుని బయల్దేరాను. వాన ఇంకా తగ్గలేదు. ఆమె గొడుగు పట్టుకుని నాతో గేటుదాకా వచ్చింది. గొడుగు బ్యాటరీకి పట్టింది, నాకు కాదు. నేను తడుస్తున్నానని చెప్పలేదు. చెబితే ఆమె గొడుగు జరుపుతుంది, జరిపితే అంత దగ్గరగా నడవదు. నవ్వు వస్తే కింది పెదవి కొరికి ఆపుకుంటుందని ఆ పది అడుగుల్లో తెలుసుకున్నాను.

వీధి మలుపు తిరిగాక అసలు సంగతి తట్టింది. తండ్రిని బాబాయ్ అంటే, కూతురు నాకు చెల్లెలి వరస.

పన్నెండు కిలోల బ్యాటరీ ఒక్కసారిగా బరువెక్కింది.

మర్నాడు తీసుకెళ్ళి బిగించాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. పది రోజులకి మళ్ళీ పడుకుంది. మళ్ళీ చార్జింగ్ పెట్టి బిగించాను. ఈసారి వారం కూడా నిలవలేదు.

మూడోసారి ఆమె షాపులోకి వచ్చేసరికి నలుగురు కస్టమర్లు ఉన్నారు. ముందురోజు నాన్నని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే బండి కదల్లేదట. ఆయన వెనక నుంచి తోశాడట, అంత వయసులో. చివరికి డాక్టరుగారి టైము దాటిపోయిందట. అదంతా చెప్పి, నా వైపు చూసి, సగం చార్జింగ్ పెట్టి పంపితే మనుషులు మళ్ళీ మళ్ళీ వస్తారని మీ లెక్కలా ఉంది అంది.

నలుగురూ నన్నే చూశారు.

"నెలాఖరుదాకా చూస్తాను," అంది. "అప్పటికీ నిలవకపోతే బండి అమ్మేస్తాను. ఈ బాధ నాకొద్దు."

నా పనిని అలా అన్నవాళ్ళు అంతకుముందు లేరు. అది ఒక బాధ. ఆమె అనడం ఇంకో బాధ. మర్నాడు మధ్యాహ్నం మీటరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆ టైములో ఆమె డ్యూటీలో ఉంటుంది. వీధి చివర క్లినిక్‌లో ల్యాబు పని ఆమెది.

గేటు తీసి ఉంది. షెడ్డులోంచి సన్నగా రేడియో పాట వినబడుతోంది.

కారులో స్టీరింగు ముందు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చిన్న ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కింది, చెయ్యి గేరు మార్చింది, స్టీరింగు కొంచెం కుడికి తిరిగింది. బండి మాత్రం ఉన్నచోటే ఉంది. అద్దంలో నన్ను చూశాడు. దొరికిపోయినట్టు ఏమీ కంగారుపడలేదు.

"ఎక్కు," అన్నాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఆఖరి స్టాపుదాకా."

పక్కన కూర్చున్నాను. వెనక సీటు చూపించి, ముప్ఫై ఏళ్ళలో నేనొక్కనాడు కూడా వెనక కూర్చోలేదు అబ్బాయ్, అది టిక్కెట్టు కొన్నవాళ్ళ చోటు అన్నాడు. పావుగంట ప్రయాణం చేశాం. మధ్యలో ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కాడు. ఎవరో సైకిలు మనిషి అడ్డొచ్చాడట.

ఆఖరి స్టాపు వచ్చాక సంగతి చెప్పాడు. చూపు తగ్గిందని రెండేళ్ళ కిందట డాక్టరు బండి నడపొద్దన్నాడు. ఆ తర్వాత కూడా ఒకరోజు కూతురు ఇంట్లో లేనప్పుడు బయటికి తీశాడు. గేటు స్తంభానికి తగిలించాడు. ఆమె తాళం తీసేసుకుంది, ఇంకెప్పుడూ స్టీరింగు ముందు కూర్చోనని మాట తీసుకుంది. తాళం లేకపోయినా రేడియో మోగేలా, ఫ్యాను తిరిగేలా డాష్‌బోర్డు వెనక ఉన్న బ్యాటరీ తీగ నుంచి ఆయనే నేరుగా ఇంకో తీగ లాగాడు. కార్పెటు కింద నుంచి తెచ్చాడు, అందుకే నా కంట పడలేదు. రోజూ మధ్యాహ్నం నాలుగైదు గంటలు అలా వాడితే ఏ బ్యాటరీ నిలుస్తుంది?

"పిల్లకి చెప్పకు అబ్బాయ్," అన్నాడు. "మాట తప్పానని తెలిస్తే అది కోప్పడదు, ఏడుస్తుంది. కోప్పడితే పడగలను."

చెప్పనని మాటిచ్చాను.

సాయంత్రం ఆమె షాపు ముందు నుంచి ఇంటికి వెళ్తూ ఆగింది. ఏమైనా తెలిసిందా అని అడిగింది. అబద్ధం చెప్పడం నాకు సరిగా రాదు. మూడో సెల్ నీరసంగా ఉంది అన్నాను.

బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కోదాన్ని సెల్ అంటాం. ఒకటి నీరసపడితే మిగతా అయిదూ బాగున్నా బండి లేవదు. ఈ రోగం నిజంగా ఉన్నదే, ఆ బ్యాటరీకి లేదు, అంతే. మందు లేదా అంది. వారానికోసారి ఇంట్లోనే నెమ్మదిగా చార్జింగ్ పెడితే నెట్టుకురావచ్చు, కావాలంటే నేర్పిస్తాను అన్నాను. బండి అమ్మకుండా ఆపడానికి నాకు ఇంకో దారి కనబడలేదు.

ఆదివారం పొద్దున్నే నా పాత చార్జరు పట్టుకుని వెళ్ళాను. కళ్ళకి అడ్డం ఏదైనా పెట్టుకోమంటే వాళ్ళ నాన్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. నేను నవ్వలేదు. నవ్వలేదని ఆమె గమనించింది.

ముందు నల్లతీగ విప్పాలి, తర్వాత ఎర్రది. బిగించేటప్పుడు ముందు ఎర్రది. తెల్లపొడిని వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగి, తుడిచి, పైన కొంచెం వ్యాసలైన్ రాయాలి. ఆరు మూతలూ తియ్యాలి. చార్జరు క్లిప్పులు పెట్టాకే స్విచ్ వెయ్యాలి, తీసేముందు ఆపాలి. లోపల నుంచి గ్యాస్ వస్తుంది కాబట్టి అగ్గిపుల్ల కూడా దగ్గర గియ్యకూడదు. తక్కువ కరెంటుతో పది గంటలు పెట్టాలి. తొందరపడి ఎక్కువ పెడితే వేడెక్కి పాడవుతుంది. చార్జింగ్ అయ్యాక నీళ్ళు తక్కువగా ఉన్న గదిలో డిస్టిల్డ్ వాటరు పొయ్యాలి, మూతిదాకా కాదు.

అంత పొడుగు మాటలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆటపట్టించకుండా విన్నది.

చివరికి గాజుగొట్టం తీశాను. రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే సెల్లులోని ద్రవం గొట్టంలోకి వస్తుంది, లోపల తేలే చిన్న పుల్ల మీద అంకె చదవాలి. పన్నెండు వందల యాభై దాటితే నిండుగా ఉన్నట్టు, పదకొండు వందల యాభై అయితే ఖాళీ. ఆమె మొహం వెలిగిపోయింది. రోజంతా నేను చేసే పని ఇదేగా, మనుషుల రక్తం బదులు ఇది అంది.

అప్పటికప్పుడు కాగితం తెచ్చి ఆరు గళ్ళు గీసి షెడ్డు స్తంభానికి అంటించింది. పైన రోగి అని రాసి పక్కన తెల్లకారు అని రాసింది. డాక్టరు అన్నచోట, ఎక్కువ మాట్లాడరు అని రాసింది.

పని అయ్యాక చేతిరుమాలుతో బ్యాటరీ పైభాగం తుడిచింది. ఉతికేసరికి రుమాలు నిండా చిల్లులు. యాసిడ్ తగిలిన గుడ్డకి అంతే. ఆ తర్వాతి ఆదివారం రుమాలు నాకు చూపించి, మీ చొక్కాలు చూసి ఇన్నాళ్ళూ చెదలు పట్టాయనుకున్నాను, క్షమించండి అంది.

నాలుగు ఆదివారాలు వెళ్ళాను. రెండోవారం నుంచి నా అవసరం లేదు. ఆమె చెయ్యి నాకంటే శుభ్రం. అయినా వెళ్ళాను. పెద్దాయన వసారాలో కూర్చుని చూసేవాడు. వరస మార్చుకుందామని ఒకరోజు ఆయన్ని సార్ అని పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూశాడు. ఆ ప్రయత్నం మానేశాను.

నాలుగో ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె కాగితం స్తంభం నుంచి తీసి చేత్తో పట్టుకుని ఉంది.

"చార్జింగ్‌కి ముందు చూశాను. మూడో సెల్ పదకొండు ఎనభై," అంది. "ఒకటోది ఎంతో చెప్పండి."

కాగితం నా ముందుకి చాపింది.

"పదకొండు ఎనభై. రెండు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ అంతే. నాలుగు వారాలుగా అంతే. అన్నీ కలిసి దిగుతున్నాయి, అన్నీ కలిసి ఎక్కుతున్నాయి. మీ మూడో సెల్ ఒక్కసారి కూడా మిగతావాటి కంటే తగ్గలేదు. దానికి ఏ జబ్బూ లేదు. బ్యాటరీని ఎవరో వాడుతున్నారు."

నేను నేర్పిన గొట్టమే నన్ను పట్టించింది. నేల చూశాను.

"ఎవరో మీకు తెలుసు," అంది.

"తెలుసు."

"షాపులో అంతమంది ముందు మిమ్మల్ని అన్నాను."

"అప్పటికి తెలీదు. మర్నాడు తెలిసింది."

"ఎవరు?"

"మాటిచ్చాను," అన్నాను.

వసారాలో కుర్చీ చప్పుడైంది. పెద్దాయన మెల్లగా మెట్లు దిగి వచ్చి మా మధ్య నిలబడ్డాడు. నేనేనమ్మా అన్నాడు. మొత్తం చెప్పాడు. తీగ ఎక్కడి నుంచి లాగాడో కూడా చెప్పాడు. ఈ అబ్బాయి తప్పేమీ లేదు, నేనే నోరు కట్టేశాను అన్నాడు.

ఆమె కారు తలుపు తీసింది. స్టీరింగు ముందు సీట్లో, నడుము దగ్గర చిన్న దిండు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది.

"రెండు నెలలుగా ఇల్లంతా వెతుకుతున్నాను దీన్ని," అంది. ముందు నవ్వింది, తర్వాతే కళ్ళు తుడుచుకుంది. "నడపొద్దని అనాల్సిందే నాన్నా. కూర్చోవద్దని ఎందుకన్నానో నాకే తెలీదు."

ఆయన దిండు ఆమె చేతిలోంచి తీసుకుని మళ్ళీ సీట్లో పెట్టాడు. మొహం కడుక్కోవాలని ఇంట్లోకి వెళ్ళాడు.

ఆమె నా వైపు తిరిగింది. "నాన్న అడిగారు కాబట్టి చెప్పలేదు, సరే. మరి చార్జరు తెచ్చి పాఠాలు చెప్పడం, ఈ నాలుగు ఆదివారాలూ, ఇవి కూడా నాన్నే అడిగారా?"

చార్జరు తీగ చుట్టడం మొదలుపెట్టాను.

"బండి అమ్మేస్తే నాకిక్కడ పని ఉండదు," అన్నాను.

"పని లేకపోతే రారా?"

"రమ్మంటే వస్తాను. రోజూ వస్తాను."

"రెండు వాక్యాలు ఒకేసారి," అంది పెదవి కొరుక్కుంటూ. "చార్జింగ్ ఎక్కింది."

ఆ పూట రేడియో తీగ నేను తీసెయ్యలేదు. మధ్యలో ఒక స్విచ్ పెట్టాను. రోజుకి ఒక గంట అని ఆమె దాని పక్కన రాసి అంటించింది. బ్యాటరీకి అసలు మందు కూడా అప్పుడే చెప్పాను. ఇంటిముందు ఇంజను ఆన్ చేసి ఊరికే వదిలితే లాభం లేదు, వారానికి రెండుసార్లు కనీసం అరగంట రోడ్డు మీద తిరగాలి. ముందే ఎందుకు చెప్పలేదంది. చెబితే చార్జింగ్ పాఠాలు అయిపోయేవి. అది ఆమెకి అర్థమైంది, మళ్ళీ అడగలేదు.

తర్వాతి ఆదివారం సాయంత్రం బండి బయటికి తీశాం. చినుకులు మొదలయ్యాయి. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. నేను మామూలుగా వెనక తలుపు తియ్యబోయాను. పెద్దాయన నా చెయ్యి పక్కకి జరిపి, తనే ఆ తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. దిండు నడుము వెనక సర్దుకున్నాడు.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. "మీరు ముందుకి రండి బాబాయ్," అన్నాను.

"ఆ పిలుపు ఇంక మానెయ్ అబ్బాయ్," అన్నాడు ఆయన. "నన్ను బాబాయ్ అనడానికి మా అన్నయ్య కొడుకులు నలుగురున్నారు. మామయ్య అనేవాడే లేడు."

ఆమె అద్దం సర్దుకునే పనిలో చాలా మునిగిపోయింది. నేను వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

నా నోరు మాత్రం అంత తొందరగా అందుకోలేదు. మూడు వీధులు దాటాం. నాలుగో వీధి మలుపులో గొంతు సవరించుకున్నాను.

"మామయ్యా, రేడియో పెట్టమంటారా?"

వెనక్కి తిరిగి చూశాను. ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. కుడికాలు కింద గట్టిగా బ్రేకు తొక్కుతోంది.