విప్పని పేరు

కల్వకుర్తి పాత బజారులో లింగస్వామి ప్రెస్సుకు బోర్డు లేదు. ఎప్పుడో గాలివానకు ఊడిపడితే మళ్ళీ ఎవరూ ఎక్కించలేదు. ఇటుపక్క కిరాణం, అటుపక్క గాలయ్య టైలరు, నడుమ రేకుల షెడ్డు. లోపల కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, గోడ పొడుగునా సీసపు అక్షరాల గళ్ళపెట్టెలు, ఎన్ని వానలు పడ్డా పోని కిరసనాయిలు వాసన. పెళ్ళికార్డులన్నీ ఎన్నడో ఫ్లెక్సీ దుకాణాలకు తరలిపోయాయి. మిషను మీద మసిబట్ట కప్పి ముసలాయన ఊరికే కూర్చునే రోజుల్లో, రెండేళ్ళ కింద, నవనీత ఆ షెడ్డులో దూరింది.

డిగ్రీ నడుమ విడిచిన పిల్ల. కాలు ఒక్కచోట నిలవదు. ఫోనులో చూసి చూసి పుస్తకాలు కుట్టడం తనకు తానే నేర్చుకుంది. తనూ, దోస్తు సుచరితా కలిసి ఓ చిట్టి పత్రిక వేస్తారు. పదహారు పేజీలు, వంద కాపీలు. నవనీత రాస్తుంది, అక్షరం అక్షరం కూరుస్తుంది. సుచరిత లినోలియం మీద బొమ్మలు చెక్కుతుంది, దారంతో కుడుతుంది.

"నీ అచ్చు సూస్తే పండ్లూడిన నోరు లెక్కుంది బిడ్డా," అని లింగస్వామి ఎగతాళి చేసేవాడు. మళ్ళీ తనే పక్కన కూర్చుని సందులన్నీ సర్దేవాడు.

ఒక్క విషయంలోనే ఆయన పరాచికం ఆడేవాడు కాదు. దశదినకర్మ కార్డు కొడితే, పోయిన మనిషి పేరును ఆ రోజే విప్పి గళ్ళలో వేయాలి.

"దీపం పెట్టకముందే విప్పాలె. ఆఖరి అక్షరం నుంచి మొదటి దాంక. కూర్చిన చెయ్యే విప్పాలె."

"విప్పకపోతే ఏమైతది తాతా?"

"కట్టి పెట్టిన పేరు ఊకె ఉండదు. తోడు అడుగుతది."

"తోడుకు మన గాలయ్యను పంపుదాం," అంది సుచరిత. "ఎట్లైనా జాకెట్లు టైముకు ఇయ్యడు."

ఆయన బల్ల మీది పేరు చుట్టూ కట్టిన దారం విప్పసాగాడు.

శ్రావణంలో లింగస్వామే పోయాడు. ఆయన భార్య భద్రమ్మ షెడ్డు తాళంచెవి తెచ్చి నవనీత చేతిలో పెట్టింది. "ఆయన కార్డు ఆయన మిషను మీదనే కొట్టు బిడ్డా. బయట కొట్టిస్తే నాకు మనసున పట్టదు."

బుధవారం నవనీత ఒక్కతే కూర్చుని ఆ పేరు కూర్చింది. కార్డులు కొట్టింది. పొద్దు గూట్లో పడుతుంటే విప్పుదామని దారం మీద వేలు పెట్టింది. వేలు కదల్లేదు. ఈ అక్షరాలన్నీ ఆయన నలభై ఏళ్ళు తుడిచి దాచినవి. వాటిలో ఆయన పేరు ఇంకెప్పుడు నిలబడుతుంది? రేపు పత్రిక అట్ట మీద కూడా వేసి, అప్పుడు విప్పుతా అనుకుంది. బల్ల మీద అట్లాగే ఉంచి తాళం వేసింది. అప్పటికే కిరాణం కొట్టులో దేవుడి పటాల ముందు దీపం వెలిగింది.

గురువారం సాయంత్రం సుచరిత కోసిన కాగితాలు పట్టుకొచ్చింది. శనివారం హైదరాబాదులో పత్రిక అమ్మే స్టాలు. మబ్బు బాగా దిగింది. ఆరు కాకముందే కరెంటు పోయింది. ట్రెడిల్‌కు కరెంటుతో పనేముంది, ఫోను లైటు గోడకు ఆనించి పని మొదలుపెట్టారు.

"ఏందే, పేరు ఇప్పలేదా?" సుచరిత బల్ల మీదికి వంగింది.

"ఒక్క దినమే గద."

"ముసలోడు తిడుతడు సూడు."

"తిట్టనీ. ఆ గొంతు ఒక్కపారి ఇన్నా సాలు."

సుచరిత నవనీత నెత్తి మీద ఒకటి మొట్టింది. "ఛాయ్ తెస్త ఉండు. చీకట్ల నీ మొఖం సూస్తే నాకే బుగులైతాంది." చున్నీ నెత్తిన కప్పుకుని, చినుకుల్లో రోడ్డు దాటి పోయింది.

వాన రేకుల మీద సన్నగా మొదలైంది. నవనీత కాగితాలు సర్దుతోంది. కిరసనాయిలు వాసన ఉన్నట్టుండి ఘాటెక్కింది. ఎవరో అప్పుడే అక్షరాలు కడిగినట్టు. సీసా చూసింది. మూత బిగించే ఉంది.

టప్.

రేకుల మీది చినుకు కాదది. లోపల.

టప్... టప్...

రెండేళ్ళుగా విన్న చప్పుడు. విప్పిన అక్షరాన్ని గడిలో జారవిడిస్తే వదులుగా, అలసటగా అట్లాగే పడుతుంది. లైటు తీసి బల్ల మీదికి తిప్పింది. లింగస్వామి పేరులో చివరి అక్షరం లేదు. చూస్తుండగానే దాని ముందుది కూడా... లేదు.

భయం కంటే ముందు ఏడుపొచ్చింది.

"తాతా... నేనే ఇప్పేదాన్ని. కోపం చేసుకోకు."

పేరంతా పోయింది. చప్పుడు ఆగింది. బతికిపోయాను అనుకుంది నవనీత. ఆయనే వచ్చి సరిచేసుకున్నాడు. అంతే. అయిపోయింది...

టిక్.

ఈ చప్పుడు వేరు. సన్నగా, బిగువుగా. అక్షరాలు వరసగా పేర్చే ఇనుప స్టిక్‌లో సీసం ఆనితే వచ్చేది.

టిక్... టిక్...

విప్పడం కాదు. కూర్చడం.

గళ్ళపెట్టె మీద స్టిక్ ఒక్కటే ఉంది. ఎవరూ పట్టుకోలేదు. తలకిందుల అక్షరాలు చదవడం ఇప్పుడామెకు నీళ్ళు తాగినట్టే. మొదట సు. తర్వాత చ...

"వద్దు తాతా," అంది. "అది వద్దు. దాని జాగల నాది కూర్చు. నాది!"

చెవి పక్కన, తడి ఊపిరితో, ఆ గొంతు.

"కూర్చేది నేను కాదు బిడ్డా."

నవనీత ఎడమ బొటనవేలు సలిపింది. గంటలకొద్దీ స్టిక్ పట్టి, వరస జారకుండా ఆ వేలితో అదిమితే వచ్చే నొప్పి. పొద్దుటి నుంచి ఆమె స్టిక్ ముట్టనే లేదు.

స్టిక్ లాక్కుంది. మంచు ముద్దలా ఉంది. ఆఖరి అక్షరం నుంచి పీకడం మొదలుపెట్టింది. ఒకటి జారి కింద పడింది. మోకాళ్ళ మీద పాకి వెతికింది. దొరికింది. గడిలో వేసింది. ఇంకొకటి. ఇంకొకటి. స్టిక్ ఖాళీ అయ్యింది. తల ఎత్తింది. పక్క రేకు సందులోంచి కిరాణం కొట్టు దీపం కనిపించింది. ఎప్పుడు పెట్టారో. ఒత్తి సగం కాలిపోయి ఉంది.

చెప్పులు లేకుండా ఉరికింది.

ఛాయ్ బండి దగ్గర బల్ల మీద సుచరిత కూర్చునే ఉంది. చున్నీ నెత్తినే ఉంది. ఒళ్ళో రెండు ఛాయ్ ప్యాకెట్లు.

"గంతసేపాయె, పిలుస్తున్న అక్కా," అన్నాడు బండి శ్రీకాంత్. "సిల్లర తీసుకొమ్మంటే పలుకుతలేదు."

నవనీత ఆమె భుజం పట్టి ఊపింది. తల మెల్లగా పక్కకు వాలింది. ప్యాకెట్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. చేతులే చల్లబడ్డాయి. దవాఖానలో గుండె ఆగిందన్నారు. ఇరవై మూడేళ్ళ పిల్లకు గుండె ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. నవనీతను ఎవరూ అడగలేదు.

శనివారం సుచరిత ఇంటి ముందు టెంటు కింద నవనీత గోడకు ఒరిగి కూర్చుంది. రెండు రోజులుగా ముద్ద దిగలేదు. ఇక ఆ షెడ్డు తలుపు తీయను, ఈ జన్మలో ఎవరికీ కార్డు కొట్టను, సుచరితకైతే అసలే కొట్టను అనుకుంది. సుచరిత తల్లి జానమ్మను కూడా కార్డు మాట ఎత్తొద్దని బతిమాలింది.

కొల్లాపూర్ నుంచి సుచరిత పెద్దమ్మ గోవిందమ్మ బస్సు దిగి వచ్చింది. జానమ్మను పట్టుకుని ఏడ్చి ఏడ్చి, కాసేపటికి నవనీతను చూసింది. చూసిన చోటే ఆగిపోయింది. నడుమున దోపుకున్న కార్డు తీసింది. నల్ల అంచు. నడుమ సుచరిత పేరు.

నవనీత గోడ పట్టుకుని లేచింది. "గిది... ఎవలిచ్చిన్రు పెద్దమ్మా?"

"గదేం మాట? పిల్ల పోయిన బేస్తారం పొద్దుగాల నువ్వే గద మా గడపల నిలబడి ఇచ్చినవు. పానంతోటి ఉన్న పిల్ల మీద గిదేం పరాచికమే అని తిట్టిన గూడ." గోవిందమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నువ్వు తల గూడ ఎత్తలే. ఇంకా శానా ఇండ్లు తిరగాలె అంటివి. కార్డుల సంచి మొయ్యలేక, గీ చేతికెల్లి గా చేతికి మార్చుకుంట పోతివి."