కుదుపు కాలం

కంప్యూటర్ తెర మీద గాలి ఎర్రగా సుడులు తిరుగుతోంది. వాతావరణ శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమతి రెప్ప వేయకుండా దాన్నే చూస్తోంది. షెడ్డు బయట మాత్రం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మెట్టగూడ కొండ మీద ఆ చిన్న రన్‌వే చివర అంబులెన్స్ విమానం సిద్ధంగా నిలబడి ఉంది. అందులో తులసి పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతోంది, పక్కన ఆమె మొగుడు బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు.

"ఏటమ్మా ఇది? మబ్బు తునకైనా లేదు. ఎగరడానికేటి అడ్డం?" అంది తులసి అత్తగారు సింహాచలమ్మ. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలంటే విశాఖపట్నం చేరాలి. ఘాట్ రోడ్డు కొండచరియలు విరిగిపడి మూసుకుపోయింది.

"ఏరు బండరాయి మీదుగా దూకాక అవతల నీళ్లు లేచి పడుతూ పోతాయి, చూశారా? గాలీ అంతే. కొండ ఎక్కి దిగి, అవతల చాలా దూరం అలలుగా పోతుంది. ఆ అలల కింద సుడులుంటాయి. కంటికి కనపడవు గానీ విమానాన్ని ఎత్తి కుదేస్తాయి," అంది ఇందుమతి.

మూడేళ్ల కిందట ఇలాంటి నిర్మలమైన రోజునే ఒక విమానం ఆ సుడిలో చిక్కి, కిందా మీదా పడి వెనక్కి వచ్చింది. లోపలి రోగి దక్కలేదు. అప్పటినుంచీ ఇందుమతికి ఈ కొండతో పంతం. ఆ పంతంలోంచి పుట్టిందే గాలికన్ను అనే ఈ యంత్రం. కంటికి కనపడని లేజర్ కిరణాలను అది ఆకాశంలోకి వదులుతుంది. గాలిలో తేలే ధూళి రేణువులకు తగిలి అవి తిరిగొస్తాయి. ఆ రేణువులు ఎటు, ఎంత వేగంగా పోతున్నాయో చూసి, అల ఇప్పుడెక్కడుందో, కాసేపటికి ఎక్కడుంటుందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఇన్నాళ్లూ ఆ లెక్కలను కాగితం మీద సరిచూసుకోవడమే సరిపోయింది. వాటిని నమ్మి ప్రాణాలు పణంగా పెట్టడం ఇదే మొదటిసారి.

ఎరుపు మధ్యలో సన్నగా ఒక నీలిచార మెరిసింది. గాలి దిశ మారబోతోంది.

"దారి దొరికింది! మూడు దాటాక తెరుచుకుంటుంది. కాసేపే ఉంటుంది కెప్టెన్, బయల్దేరండి!"

కెప్టెన్ భుజంగరావు గడియారం చూసుకుని నీళ్లు నమిలాడు. యుద్ధ విమానాలు నడిపిన మనిషే గానీ, రాహుకాలంలో స్కూటరైనా స్టార్ట్ చేయడు.

"మూడు తర్వాత రాహుకాలం మేడమ్. అది దాటాక..."

"అది దాటేసరికి దారి మూసుకుపోతుంది."

సింహాచలమ్మ చివాల్న లేచింది. "నా కోడలికి నొప్పులు ఏ కాలం చూసుకుని వచ్చాయేటి బాబూ? ముందు ఎగరేయి!"

భుజంగరావు దణ్ణం పెట్టుకుని విమానం ఎక్కాడు.

విమానం కొండ అంచు దాటింది. ఇందుమతి మైకు పట్టుకుని, "కొంచెం ఎడమకి... అంతే. ఇంకా పైకి వద్దు," అంటూ దారి చెబుతోంది. తెర మీద విమానం చుక్క నీలిచారలో పాకుతోంది, రెండు వైపులా ఎరుపు.

"మేడమ్, సీసాలో నీళ్లు కూడా తొణకడం లేదు!" అన్నాడు భుజంగరావు రేడియోలో, చిన్నపిల్లాడి సంబరంతో.

సాయంత్రానికి ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. సింహాచలమ్మ ఇందుమతిని కావలించుకుని భోరున ఏడ్చేసింది. ఇందుమతీ ఏడ్చింది. ఆమె జీవితంలో అంత గొప్ప రోజు మరొకటి లేదు.

ఆ తర్వాత గాలికన్ను లెక్కలు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. కొండమీద విమానాలు నిశ్చింతగా తిరుగుతున్నాయి. తెర ఎర్రబడే వేళకు జనమే కుదుపు కాలమని పేరు పెట్టుకున్నారు. పొద్దున్నే టీవీలో రాశిఫలాల తర్వాత అదీ చదువుతున్నారు. విమానం మొహం చూడనివాళ్లు కూడా కుదుపు కాలం పోయాకే కొట్టు తెరుస్తున్నారు, పెళ్లిచూపులకు బయల్దేరుతున్నారు. భుజంగరావు రాహుకాలాన్ని పూర్తిగా వదిలేశాడు. ఇప్పుడు కుదుపు కాలంలో స్కూటరు ముట్టడం లేదు.

మూడో నెలలో, బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుకకు ఇందుమతిని పిలిచారు. ఆమె వెళ్లేసరికి పూలదండలు చుట్టిన ఉయ్యాలలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. చుట్టూ ముత్తయిదువలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఊపేవాళ్లు లేరు.

"ఎర్రగా ఉందమ్మా," అంది సింహాచలమ్మ ఫోను చూపించి. "కాసేపు ఆగాలి."

ఇందుమతికి తల కొట్టుకోవాలనిపించింది. "అది పైన ఎగిరే విమానాలకండీ! ఉయ్యాలకూ దానికీ ఏం సంబంధం?"

"ఉయ్యాల మాత్రం గాల్లోనే కదమ్మా ఊగుతాది?"

వేడుకకు వచ్చిన భుజంగరావు గంభీరంగా తలూపాడు.

ఇందుమతి విసురుగా వెళ్లి ఉయ్యాల తాడు పట్టుకుంది. బిడ్డ ఏడుపు ఆపి, తడి కళ్లతో ఆమెనే చూసింది. రెండు ఎర్రటి సుడుల మధ్యనుంచి తను దాటించిన ప్రాణం. రేపు దీనికి ఒళ్లు వెచ్చబడితే? ఛీ, ఏం పిచ్చి ఆలోచన, అనుకుంది. అనుకుంటూనే తాడు వదిలేసింది.

"ఎంతసేపు మేడమ్?" అడిగాడు భుజంగరావు.

ఇందుమతి ఎవరి మొహమూ చూడకుండా ఫోను తీసింది.

"తగ్గుతోంది," అంది మెల్లగా. "ఇంకొంచెం ఆగుదాం."