నిర్జన కటకం

2071 నాటికి బెల్జియంలోని బ్రూజ్ నగరంలో ఏ రోజు చూసినా తిరునాళ్ళ జనమే. అయినా ఏ ఒక్కరికీ పక్కవాడు కనిపించడు. కళ్ళలో నిర్జన కటకాలనే లెన్సులు పెట్టుకుంటే చాలు, మధ్యయుగపు రాళ్ళ వీధులు, కాలువలు, గంటల గోపురం మన ఒక్కరి కోసమే ఖాళీ చేయించినట్టుంటాయి. కటకం గుంపును కంటిముందు నుంచి తుడిచేస్తుంది. దానికి జతగా చెవిలో పెట్టుకునే గింజ వాళ్ళ మాటల్ని మింగేసి, ఎవరికైనా తగలబోతే "కాస్త ఎడమకి" అని చెబుతుంది.

ఆ కటకాన్ని కనిపెట్టిన డాక్టర్ ప్రణీత్ ఒక రోజు భార్య లహరితో ఊరు చూడటానికి వచ్చాడు. అరవై దాటాక దొరికిన మొదటి సెలవు అది. అప్పటికే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

ఎవరు గుంపో, ఎవరు మనవాళ్ళో కటకానికి నేర్పడానికి ఆయన ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నాడు. చివరికి ఒక సూత్రం తట్టింది: చూపు నిలవనిదంతా గుంపే. కటకం కనుపాప కదలికను కొలుస్తుంది. కన్ను ఆగని కొత్త ముఖాన్ని అప్పటికప్పుడే తుడిచేస్తుంది; తెలిసిన ముఖమైనా, ఒక పూటంతా కన్ను దాని మీద ఆగకపోతే అంతే. ఆ ఒక్క వాక్యానికే ఆయనకి బోలెడు సన్మానాలు జరిగాయి.

"కాసేపు కూర్చుందామండీ," అంది లహరి, చేపల బజారు దగ్గర.

"ఆ చర్చి ఒక్కటీ చూసేసి," అన్నాడాయన గోపురం వైపే చూస్తూ.

చర్చి తర్వాత వంతెన, వంతెన తర్వాత లేసు అల్లికల వీధి. మధ్యాహ్నానికి కాళ్ళు బండల్లా బరువెక్కాయి. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా అని ఈడ్చుకుంటూ నడిచాడు. "ఈ ఇటుకలు చూశావా, ఎన్ని వందల ఏళ్ళవో," అంటూ వివరిస్తూనే ఉన్నాడు. లహరి నుంచి మారు మాట వినిపించలేదు. ఇన్నాళ్ళకి నా మాట శ్రద్ధగా వింటోంది అని మురిసిపోయాడు పిచ్చి మహారాజు.

సాయంత్రం కాలువ గట్టున బల్ల మీద చతికిలబడి, "నీళ్ళ సీసా ఇలా ఇయ్యి," అని చెయ్యి చాచాడు. మూత తీసిన సీసా చేతిలో పడింది. తాగి, "నువ్వూ తాగు," అంటూ తిరిగితే బల్ల ఖాళీగా ఉంది. గట్టు మీదా ఎవరూ లేరు.

"లహరి ఏది?" అని కటకాన్ని అడిగాడు.

"మీ ఎడమ పక్కనే ఉన్నారు సర్, మూరెడు దూరంలో," అంది చెవిలోని గింజ.

"మరి కనిపించదే? పాడయ్యావా?"

"లేదు సర్. పొద్దున్నుంచి మీ చూపు ఆవిడ మీద నిలవలేదు. చూపు నిలవనిదంతా గుంపే."

తన వాక్యం తనకే అప్పజెబితే ముందు సిగ్గేసింది, ఆ వెంటనే భయమేసింది. కటకాలు తీసి, చెవిలోని గింజ పీకేశాడు. జనం, గోల ఒక్కసారిగా మీద పడ్డాయి. పక్కనే లహరి చెప్పులు విడిచి, బొబ్బలెక్కిన పాదం ఒత్తుకుంటోంది. ఒడిలో ఆయన స్వెట్టరు, మందుల సంచి.

"నన్ను పిలిచావా?"

"పిలిచి పిలిచి ఊరుకున్నా. పరాకులో ఉన్నారనుకున్నా, కొత్తేముంది?"

ఆమె కళ్ళలోనూ అవే కటకాలున్నాయని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. "మరి నీకు నేను... కనిపిస్తూనే ఉన్నానా?"

"మీరొక్కరే కనిపిస్తున్నారు," అంది లహరి నీరసంగా. "ఈ రాళ్ళ మీద ఎక్కడ తూలిపడతారోనని పొద్దున్నుంచీ మీ కాళ్ళే చూస్తూ నడిచాను. ఇంతకీ, ఊరు బాగుందాండీ?"